ఎపిథీలియం కట్టుకునే తీరు కంటితో చూడాలంటే: ఎండీసీకే కణాలతో కాల్షియం స్విచ్, దశలవారీగా

మూత్రపిండంలోని సన్నని నాళాలు, పేగు లోపలి పొర, చర్మం పైపొర... ఇవన్నీ ఎపిథీలియల్ కణజాలమే. కణాలు పక్కపక్కన చేరినంత మాత్రాన ఈ పొర తయారవదు. పైవైపు ఏది, అడుగువైపు ఏది, విభజన ఎప్పుడు ఆగాలి, మధ్యలో ఖాళీ ఎక్కడ తెరుచుకోవాలి అన్నవి చాలావరకు కణానికీ కణానికీ మధ్య జంక్షన్లు (అతుకులు) కుదిరాకే తేలతాయి. పూర్తిగా పెరిగిన కణజాలాన్ని కోసి చూస్తే జంక్షన్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది గానీ, ఏది ముందు వచ్చింది, దేని మీద ఏది ఆధారపడింది అన్నది తెలియదు. అది తెలియాలంటే జంక్షన్లన్నీ ఒకేసారి విప్పి, మళ్ళీ ఒకేసారి కట్టుకోనిచ్చి, గడియారం పెట్టుకుని చూడాలి. ఆ పనికి ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి కాల్షియం స్విచ్, అంటే మీడియంలో కాల్షియం తీసేసి జంక్షన్లు విప్పడం, తిరిగి ఇచ్చి కట్టుకోనివ్వడం.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ మొదటి ఏడాది చేస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన మార్గదర్శిని ఇది. కణ వర్ధనం కొంత చేతికి అలవాటై ఉండాలి. సోమవారం మొదలుపెడితే శనివారానికి ఒక విడత పూర్తవుతుంది.

ముందు జంక్షన్ల వరస

1963లో ఫార్క్‌హార్, పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎపిథీలియల్ కణాల పక్కగోడను పరిశీలించి, పై అంచు నుంచి కిందికి మూడు నిర్మాణాలను గుర్తించారు. అన్నిటికంటే పైన టైట్ జంక్షన్, దాని కింద అడెరెన్స్ జంక్షన్, ఇంకా కింద చుక్కలుగా డెస్మోజోములు. గోడ మీద ఇవి కనిపించే వరస ఇది. కట్టుకునే వరస వేరు. అడెరెన్స్ జంక్షన్‌లోని ఈ-క్యాడెరిన్ అనే ప్రొటీన్ ముందు పట్టుకుంటుంది. కణం బయట ఉండే దాని భాగాలు కాల్షియం ఉంటేనే బిగుసుకుని ఎదుటి కణపు క్యాడెరిన్‌ను అందుకోగలవు. లోపలివైపు బీటా-క్యాటెనిన్, ఆల్ఫా-క్యాటెనిన్ ద్వారా అది యాక్టిన్ తంతువులకు ముడిపడుతుంది. టైట్ జంక్షన్‌లోని జెడ్‌ఓ-1 మొదట ఇదే చోటికి వచ్చి చేరుతుంది. తర్వాతే క్లాడిన్, ఆక్లూడిన్‌లతో కలిసి పై అంచున విడి పట్టీగా వేరుపడుతుంది. ఎండీసీకే కణాల్లో (కుక్క మూత్రపిండపు కణాలు) ఈ-క్యాడెరిన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే టైట్ జంక్షన్లు మళ్ళీ కట్టుకోవని 1980ల్లోనే తేలింది. ఈ ప్రయోగమంతటికీ ఆధారం ఆ పరతంత్రతే.

టైట్ జంక్షన్ పట్టీ రెండు పనులు చేస్తుంది. కణాల సందుల్లోంచి అయాన్లు, అణువులు జారకుండా అడ్డుకుంటుంది. పైపొరలోని లిపిడ్లు, ప్రొటీన్లు పక్కగోడకు కలవకుండా హద్దు గీస్తుంది. మొదటి పనిని విద్యుత్ నిరోధంతో కొలుస్తాం. రెండోదాన్ని స్టెయినింగ్‌తో చూస్తాం. ఈ రెండూ ఒకటి కాదు. నిరోధం బాగా ఉండి పట్టీ సక్రమంగా లేకపోవచ్చు, పట్టీ బాగుండి నిరోధం తక్కువ ఉండొచ్చు. ఏదో ఒక్కటే చేసి రిపోర్టు రాసేయకండి.

ఏ కణాలు తీసుకోవాలి

ఎండీసీకే కణాలు కుక్క మూత్రపిండం నుంచి 1958లో మాడిన్, డార్బీ వేరుచేసినవి. పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి తెప్పించుకోవచ్చు. ఒక మెలిక ఉంది. ఈ పేరుతో రెండు ఉపరకాలు తిరుగుతున్నాయి. మొదటి రకం నిరోధం వెయ్యి ఓమ్ చదరపు సెం.మీ. దాటుతుంది. రెండో రకంలో సాధారణంగా 50 నుంచి 200 మధ్య ఉంటుంది. రెండో రకంలో క్లాడిన్-2 ఎక్కువ, అది సోడియం లాంటి ధనాత్మక అయాన్లకు సన్నని దారి వదులుతుంది. కాబట్టి 100 ఓమ్‌లు వచ్చాయని పొర పాడైందనుకోకూడదు. పక్క ల్యాబు నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటే ఏ రకమో, ఎన్నో పాసేజో అడిగి రాసుకోండి. ఫ్లూ వైరస్ పెంచే ల్యాబుల్లో ఉండే కణాలు ఎన్నో చేతులు మారి కలగాపులగమై ఉండే అవకాశముంది, ఈ పనికి వద్దు. స్విచ్‌కూ, చివర్లో చెప్పే సిస్ట్‌లకూ (మధ్యలో ఖాళీ ఉన్న కణాల బంతులు) రెండింటికీ పనికొచ్చేది రెండో రకం. తెచ్చిన వెంటనే మైకోప్లాస్మా పరీక్ష చేయించి, నాలుగైదు వయల్స్ గడ్డకట్టించి పెట్టి, అప్పుడు మిగతా పని చూడండి. ఒక వయల్ కరిగించాక 20 పాసేజ్‌ల లోపు ముగించుకోవడం మంచిది.

కాల్షియం లేని మీడియం: సగం ప్రయోగాలు ఇక్కడే పోతాయి

మామూలు డీఎంఈఎంలో (కణాలు పెంచే మీడియం) కాల్షియం 1.8 మిల్లీమోలార్. జంక్షన్లు విప్పాలంటే దాన్ని 5 మైక్రోమోలార్ దగ్గరికి దించాలి, అంటే సుమారు 360 వంతుల్లో ఒక వంతుకు. ఆ స్థాయిలో ఎక్కడి నుంచి చుక్క కాల్షియం వచ్చినా ప్రయోగం చెడుతుంది. అది వచ్చే దారులు మూడు.

మొదటిది గాజు సీసాలు. ల్యాబు సింకుకు బోరు నీళ్ళు వస్తుంటే ఈ లెక్క వేసి చూడండి. లీటరుకు (కాల్షియం కార్బొనేట్ లెక్కలో) 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిలో, అదంతా కాల్షియమే అనుకుంటే, 3 మిల్లీమోలార్ ఉన్నట్టు. కడిగిన సీసాలో 1 మి.లీ. నీళ్ళు అంటుకుని ఆరిపోతే, అందులో పోసే 500 మి.లీ. మీడియంలో ఆ ఒక్కదానివల్లే 6 మైక్రోమోలార్ చేరుతుంది. మీ లక్ష్యమే 5. అందుకని ఈ మీడియానికి గాజు వాడకండి. కొత్త ప్లాస్టిక్ సీసాలు, ట్యూబులు వాడండి. నీళ్ళు అల్ట్రాప్యూర్ యంత్రం నుంచి అప్పుడే పట్టినవి కావాలి. బయట కొన్న డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌ను నమ్మకండి.

రెండోది సీరం. ఎఫ్‌బీఎస్‌లో (దూడ పిండం సీరం) కాల్షియం 3 మిల్లీమోలార్ పైనే. పది శాతం కలిపితే 300 మైక్రోమోలార్ వచ్చేసినట్టే. డయలైజ్ చేసిన సీరం కొనొచ్చు, ఖర్చెక్కువ. ల్యాబులోనే చేసుకోవాలంటే 50 మి.లీ. సీరాన్ని 12 కిలోడాల్టన్ డయాలిసిస్ ట్యూబులో పోసి, కాల్షియం లేని 2 లీటర్ల పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) 4 డిగ్రీల వద్ద ఉంచి, 36 గంటల్లో మూడుసార్లు పీబీఎస్ మార్చండి. తర్వాత 0.22 మైక్రాన్ ఫిల్టరు గుండా పంపి 10 మి.లీ. భాగాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

మూడోది ఇన్సర్టు (అడుగున సన్నని రంధ్రాల పొర ఉండి, వెల్‌లో వేలాడే చిన్న గిన్నె) అడుగున మిగిలిపోయే తడి. దాని లెక్క స్విచ్ దగ్గర చెబుతాం.

మీడియం కూర్పు: కాల్షియం లేని డీఎంఈఎం గానీ సస్పెన్షన్ ఎంఈఎం గానీ, డయలైజ్ చేసిన సీరం 5 శాతం, గ్లూటమిన్ 2 మిల్లీమోలార్, హెపీస్ 20 మిల్లీమోలార్, పీహెచ్ 7.4. మెగ్నీషియం ఉందో లేదో సీసా మీద చూడండి, అది ఉండాలి. కణాలు అడుగున పట్టుకోవడానికి వాడే ఇంటెగ్రిన్లకు మెగ్నీషియం సరిపోతుంది. అందుకే కాల్షియం తీసేసినా కణాలు పక్కవాటిని వదిలేస్తాయి గానీ నేలను వదలవు.

మీడియం పనిచేస్తోందో లేదో అసలు ప్రయోగానికి ముందే తేల్చుకోండి. నిండుగా పెరిగిన ఒక వెల్‌లో పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున మామూలు ఫేజ్ మైక్రోస్కోప్‌లో కణాలు విడివిడిగా, గుండ్రంగా, అంచులు మెరుస్తూ కనబడాలి. ఇంకా ఒకదానికొకటి అతుక్కుని పలకల్లా ఉన్నాయంటే ఎక్కడో కాల్షియం ఉంది. అది దొరికేవరకు ముందుకు వెళ్ళకండి.

ఇదంతా సాధ్యం కాని ల్యాబుల్లో, కాల్షియాన్ని పట్టేసే రసాయనమైన ఈజీటీఏ దారి ఒకటుంది. మామూలు మీడియంలో 4 మిల్లీమోలార్ ఈజీటీఏ కలిపి, అంటే 10 మి.లీ.కి 0.5 మోలార్ స్టాక్ 80 మైక్రోలీటర్లు, 30 నిమిషాలు ఉంచడం. కాల్షియాన్ని పట్టుకునేటప్పుడు ఈజీటీఏ ప్రోటాన్లను వదులుతుంది. మీడియం పసుపు తిరుగుతుంది. కాబట్టి కలిపాక పీహెచ్ మళ్ళీ 7.4కు తేవాలి. ఈడీటీఏ వాడకండి, అది మెగ్నీషియాన్నీ లాగేసి కణాలను నేల నుంచే లేపుతుంది. ఈజీటీఏ స్విచ్ త్వరగా అవుతుంది గానీ కణాలకు దెబ్బ ఎక్కువ. రాత్రంతా తక్కువ కాల్షియంలో ఉంచే పద్ధతే మేలు.

సోమవారం: కణాలు నాటడం

కావలసినవి: 24 వెల్ ప్లేటుకు సరిపోయే 6.5 మి.మీ. ఇన్సర్టులు, పాలియెస్టర్ పొర, 0.4 మైక్రాన్ రంధ్రాలు. ఒక ప్లేటులో 12 వస్తాయి. పంపకం ఇలా: కాల్షియం తిరిగి ఇచ్చేవి 3, ఇవ్వనివి 3, అసలు స్విచ్ చేయనివి 3, కణాలు లేని ఖాళీది 1, చివర్లో స్టెయిన్ చేయడానికి 2. ఒక్కో సమయానికి ఒక్కో ఇన్సర్టు కోసి స్టెయిన్ చేస్తే ఖర్చు తట్టుకోలేరు. సమయాలవారీ చిత్రాలకు 12 మి.మీ. గాజు కవర్‌స్లిప్‌లు చాలు. గాజు మీద కణాలు కాస్త పొట్టిగా ఉంటాయి, కానీ జంక్షన్ల వరస అదే.

1. నిండిన టీ-25 ఫ్లాస్కును కాల్షియం లేని పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. ఎండీసీకే మొండి కణాలు, జంక్షన్లు బిగుసుకుని ఉంటే ట్రిప్సిన్ సందుల్లోకి దిగదు. ముందు 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న పీబీఎస్‌లో 37 డిగ్రీల వద్ద 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి.

2. అది తీసేసి, 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏ 1 మి.లీ. పోసి 10 నుంచి 15 నిమిషాలు. తొందరపడి ఫ్లాస్కును బల్లకేసి కొడితే ముద్దలుగా లేస్తాయి, తర్వాత లెక్క తప్పుతుంది.

3. సీరం ఉన్న మీడియం 4 మి.లీ. పోసి, పిపెట్‌తో పదిసార్లు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, 200 జి వద్ద 5 నిమిషాలు తిప్పి, తాజా మీడియంలో కలిపి లెక్కపెట్టండి.

4. ఇన్సర్టులో చదరపు సెంటీమీటరుకు 2 లక్షల చొప్పున, అంటే ఒక్కోదానికి 66 వేల కణాలు, 100 మైక్రోలీటర్లలో. ముందు అడుగున 600 మైక్రోలీటర్ల మీడియం పోసి, ఆ తర్వాత పైన కణాలు వేయండి. తలకిందులుగా చేస్తే పొర కింద గాలిబుడగ చిక్కుకుంటుంది, ఆ బుడగే తర్వాత నిరోధంలా కనిపిస్తుంది.

5. కవర్‌స్లిప్ ఉన్న ఒక్కో వెల్‌లో 1.9 లక్షల కణాలు, 0.5 మి.లీ.లో. ప్లేటును ఇంక్యుబేటర్‌లో పెట్టేముందు 10 నిమిషాలు కదపకుండా హుడ్‌లోనే ఉంచితే కణాలు అంచుకు చేరవు.

నాటడం కూడా జంక్షన్లు కొత్తగా కట్టుకోవడమే కదా, మళ్ళీ స్విచ్ ఎందుకని అడగొచ్చు. కాల్షియం లేనప్పుడు ట్రిప్సిన్ ఈ-క్యాడెరిన్ బయటి భాగాన్ని కోసేస్తుంది, కాల్షియం ఉంటే కోయలేదు. మనం ఈడీటీఏతో కలిపి వాడుతున్నాం కాబట్టి నాటిన కణం క్యాడెరిన్‌ను మళ్ళీ తయారుచేసుకోవాలి, నేల మీద పరుచుకోవాలి, పక్కవాటిని వెతుక్కోవాలి. ఈ పనులన్నీ కలిసిపోయి ఏది దేనివల్ల జరిగిందో తేలదు. స్విచ్‌లో ప్రొటీన్లన్నీ సిద్ధంగా ఉంటాయి, కణాలు అప్పటికే పక్కపక్కన ఉంటాయి. లేనిది కాల్షియం ఒక్కటే.

మంగళవారం, బుధవారం మీడియం మార్చండి. వానాకాలంలో మన దగ్గర బూజు బెడద తప్పదు. ఏసీ గాలి హుడ్ వైపు కొట్టకుండా చూసుకోండి, ఇంక్యుబేటర్ నీళ్ళ ట్రేను వారం వారం స్టెరైల్ నీళ్ళతో మార్చండి. బూజు భయంతో మీడియంలో యాంఫోటెరిసిన్-బి మాత్రం వేయకండి. అది కణపొరలో అయాన్లు కారే రంధ్రాలు చేస్తుంది. నిరోధం పడిపోతే జంక్షన్ తప్పనుకుని వారాలు వృథా చేసుకుంటారు.

నిరోధం కొలవడం

దీన్ని ల్యాబుల్లో టీర్ అంటారు. రెండు పుల్లల్లాంటి ఎలక్ట్రోడు ఉండే వోల్ట్-ఓమ్ మీటరు చాలు. ఎలక్ట్రోడును 70 శాతం ఇథనాల్‌లో ముంచి, గాలికి ఆరనిచ్చి, మీడియంలో కడిగి వాడండి. పొడుగు పుల్ల అడుగు మీడియంలో, పొట్టిది ఇన్సర్టులో, నిటారుగా. పొరను తాకకూడదు. ఒక్కో ఇన్సర్టులో మూడు వైపుల నుంచి మూడు కొలతలు తీసి సగటు కట్టండి.

లెక్క: కణాలున్న ఇన్సర్టు 520 ఓమ్‌లు, ఖాళీది 130 అయితే తేడా 390. దాన్ని వైశాల్యం 0.33తో గుణిస్తే 128.7 ఓమ్ చదరపు సెం.మీ. చాలామంది ఇక్కడ భాగిస్తారు. పొర పెద్దదైతే విద్యుత్తుకు దారులు ఎక్కువై నిరోధం తగ్గుతుంది, ఆ ప్రభావం పోవడానికే గుణిస్తున్నాం.

అసలు చిక్కు ఉష్ణోగ్రత. ప్లేటును 37 డిగ్రీల నుంచి ఏసీ గదిలోకి తెస్తే చల్లబడేకొద్దీ అంకె పెరుగుతూ పోతుంది. మే నెలలో ఏసీ ఆగిన గదిలో తీసిన కొలతకూ, 22 డిగ్రీల గదిలో తీసిన కొలతకూ పోలిక లేదు. మామూలు రోజుల్లో ప్లేటును బయట 20 నిమిషాలు ఉంచి కొలవొచ్చు. స్విచ్ రోజున అంత సేపు బయట పెట్టలేం కాబట్టి 37 డిగ్రీల వార్మింగ్ ప్లేటు మీద పెట్టి ఐదు నిమిషాల్లో ముగించండి. ఏ పద్ధతైనా మొదటి కొలత నుంచి చివరిదాకా అదే పాటించండి.

గురువారం సాయంత్రం, శుక్రవారం ఉదయం: స్విచ్

గురువారం ముందు టీర్ కొలవండి. మిగతావాటికంటే బాగా తక్కువ ఉన్న ఇన్సర్టును పక్కన పెట్టేయండి. స్విచ్ చేయని మూడింటినీ, చివర్లో స్టెయిన్ చేయాల్సిన రెండింటిలో ఒకదాన్నీ మామూలు మీడియంలోనే వదిలి, మిగతావాటికి:

పైనా కిందా కాల్షియం లేని వెచ్చని పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి. మూడుసార్లు ఎందుకంటే, ఇన్సర్టు అడుగున 20 మైక్రోలీటర్ల పాత మీడియం మిగిలినా 600 మైక్రోలీటర్లలో 60 మైక్రోమోలార్ కాల్షియం అవుతుంది. ఇన్సర్టును ఫోర్సెప్స్‌తో ఎత్తి, కొత్త వెల్‌లోకి మార్చి కడిగితే ఇంకా నయం. తర్వాత తక్కువ కాల్షియం మీడియం పోసి రాత్రంతా, 14 నుంచి 16 గంటలు ఉంచండి. అంతకు మించితే కొన్ని కణాలు చచ్చి తేలతాయి.

శుక్రవారం పొద్దున టీర్ ఖాళీ ఇన్సర్టు అంకెకు దాదాపు సమానంగా ఉండాలి. మైక్రోస్కోప్‌లో కణాలు గుండ్రంగా ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఆ రోజు స్విచ్ చేయకండి.

కాల్షియం తిరిగి ఇవ్వడానికి మామూలు మీడియం పోసేయొచ్చు. కానీ అప్పుడు సీరం పాళ్ళు కూడా మారతాయి, వచ్చిన మార్పు దేనివల్లో చెప్పలేరు. తక్కువ కాల్షియం మీడియంనే తీసుకుని, 10 మి.లీ.కి 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 18 మైక్రోలీటర్లు కలపండి. 1.8 మిల్లీమోలార్ వస్తుంది. స్టాక్‌ను డైహైడ్రేట్ ఉప్పు 1.47 గ్రాములు 10 మి.లీ. నీళ్ళలో కలిపి చేసుకోవచ్చు. స్టాక్‌ను నేరుగా వెల్‌లో చుక్క వేస్తే ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అవక్షేపం కడుతుంది. విడిగా ట్యూబులో తిప్పుతూ కలిపి, 37 డిగ్రీలకు తెచ్చి, అప్పుడు మార్చండి. కాల్షియం ఇవ్వని వరసకూ అదే సమయానికి అదే మీడియం, కాల్షియం లేకుండా, మార్చాలి. మార్చడం వల్లే వచ్చే కుదుపు రెండింటిలోనూ ఉండాలి కదా.

ఫిక్స్ చేయాల్సిన సమయాలు: 0, 15 నిమిషాలు, 30 నిమిషాలు, 1, 2, 4, 6, 24 గంటలు. టీర్ గంట నుంచి మొదలుపెట్టి అవే సమయాలకు. మొదటి గంటలో ప్లేటును ఊరికే బయటికీ లోపలికీ తిప్పకండి. ఒక్కో సమయానికి ఒక్కో చిన్న ప్లేటు పెట్టుకుంటే మిగతావి కదలవు.

యాక్టిన్ పాత్ర కూడా చూడాలనుకుంటే ఒక వరసకు కాల్షియంతో పాటే, యాక్టిన్ తంతువులను చెడగొట్టే సైటోకలాసిన్-డి 2 మైక్రోమోలార్ ఇవ్వండి. డీఎంఎస్‌ఓ మాత్రమే ఇచ్చిన వరస తోడుగా ఉండాలి. కాల్షియం ఉన్నా, తంతువులు లేకపోతే పట్టీ ఎలా ముక్కలుగా ఉండిపోతుందో కనబడుతుంది.

ఫిక్సింగ్, స్టెయినింగ్

ఎక్కువమంది తడబడేది కడగడం దగ్గరే. ఫిక్స్ చేసేముందు కాల్షియం లేని పీబీఎస్‌తో కడిగితే, కష్టపడి కట్టుకున్న జంక్షన్లు ఆ నిమిషాల్లోనే విడిపోవడం మొదలవుతుంది. 15 నిమిషాల నుంచి 24 గంటల దాకా ఉన్న నమూనాలను కాల్షియం 0.9, మెగ్నీషియం 0.5 మిల్లీమోలార్ ఉన్న పీబీఎస్‌తో కడగండి. సున్నా సమయం నమూనాకూ, కాల్షియం ఇవ్వని వరసకూ మాత్రం కాల్షియం లేనిదే వాడాలి, లేకపోతే కడగడమే స్విచ్ అయిపోతుంది.

ఫ్యూమ్ హుడ్‌లో 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, 15 నిమిషాలు. 50 మిల్లీమోలార్ అమోనియం క్లోరైడ్, 10 నిమిషాలు. ట్రైటన్ 0.2 శాతం, 5 నిమిషాలు. బీఎస్ఏ 3 శాతం, అరగంట. ప్రైమరీ యాంటీబాడీ 40 మైక్రోలీటర్ల చుక్క పారాఫిల్మ్ మీద వేసి, కణాలున్న వైపు కిందికి ఉండేలా కవర్‌స్లిప్ బోర్లించి, తడి డబ్బాలో 4 డిగ్రీల వద్ద రాత్రంతా.

కుక్క కణాలు కాబట్టి కుక్క ప్రొటీన్‌ను గుర్తించే యాంటీబాడీ ఎంచుకోవాలి. మనిషి ఈ-క్యాడెరిన్‌కు చేసిన అన్నీ పనిచేయవు. ఆర్ఆర్1 క్లోన్ ఎలుక జాతి మౌస్‌లో చేసినది, కుక్క ఈ-క్యాడెరిన్ బయటి భాగాన్ని పట్టుకుంటుంది. జెడ్‌ఓ-1కు ఆర్40.76 అనే ర్యాట్ క్లోన్ ఉంది. ఈ రెండూ కలిపి వేస్తే సెకండరీలు మౌస్, ర్యాట్ తేడా పోల్చుకోగలిగేలా క్రాస్-అడ్సార్బ్ చేసినవే కావాలి. మామూలువి వాడితే రెండు రంగులూ ఒకేచోట పడి, జెడ్‌ఓ-1, ఈ-క్యాడెరిన్ ఎప్పటికీ కలిసే ఉన్నాయని తప్పుడు నిర్ణయానికి వస్తారు. ఒక్కో ప్రైమరీ విడిగా వేసి, రెండు సెకండరీలూ వేసిన కంట్రోలు తప్పనిసరి.

జెడ్‌ఓ-1 మసకగా వస్తే మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌లో 5 నిమిషాలు ఫిక్స్ చేసి చూడండి, గీత స్పష్టంగా వస్తుంది. కానీ మిథనాల్ తర్వాత, యాక్టిన్‌ను చూపడానికి వాడే ఫాలోయిడిన్ దాన్ని పట్టుకోదు. ఇన్సర్టు పొర పాలికార్బొనేట్ అయితే అసిటోన్ దగ్గరికి రానివ్వకండి, పాడవుతుంది.

ఏమేం కనబడాలి

సున్నా వద్ద కణాలు విడిగా, జెడ్‌ఓ-1 కణం లోపల చెదిరిన చుక్కలుగా, అంచున గీత లేకుండా ఉంటుంది. 15 నుంచి 30 నిమిషాల్లో కణాల నుంచి సన్నని వేళ్ళు చాచుకుని, అవి తగిలిన చోట ఈ-క్యాడెరిన్ చుక్కలు వరసగా పడతాయి. జెడ్‌ఓ-1 కూడా ఆ చుక్కల మీదే కనిపిస్తుంది. గంట, రెండు గంటల్లో చుక్కలు కలిసి తెగిన గీతలవుతాయి. నాలుగు నుంచి ఆరు గంటలకు గీత కణం చుట్టూ తెగకుండా సాగి, పైనుంచి చూస్తే తేనెపట్టు గళ్ళలా ఉంటుంది. కన్‌ఫోకల్ ఉంటే నిలువు కోత చూడండి. జెడ్‌ఓ-1 పై అంచున చుక్కగా, ఈ-క్యాడెరిన్ దాని కింద పక్కగోడ పొడవునా ఉండాలి. రెండూ వేరుపడటం కనిపించేది ఈ నిలువు కోతలోనే. పైనుంచి తీసిన చిత్రంలో ఎంత వెతికినా దొరకదు.

టీర్ ఈ గీత కంటే వెనకబడుతుంది. గీత దాదాపు పూర్తయ్యాకే టీర్ పెరుగుతుంది, ఒక శిఖరం దాటి మళ్ళీ తగ్గి నిలకడకు వస్తుంది. రెండో రకం ఎండీసీకేలో ఈ తగ్గుదల సహజం.

మూడు దిక్కుల్లో: సిస్ట్ పెంచడం

ఇప్పటిదాకా చూసింది పొర మరమ్మతు. గర్భంలో నాళం ఏర్పడటానికి దగ్గరి నమూనా కావాలంటే సిస్ట్ చేయాలి. మెత్తని మ్యాట్రిక్స్‌లో ఒక్క కణం విభజిస్తూ, మధ్యలో ఖాళీ ఉన్న బంతిగా తయారవుతుంది.

ఆ మ్యాట్రిక్స్‌గా వాడే మ్యాట్రిజెల్ అనే జెల్ 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది. విశాఖ వేడిలో పెట్టె తెరిచి మాట్లాడుతూ నిలబడితే పని అయిపోయినట్టే. రాత్రంతా ఫ్రిజ్‌లో ఐసు మీద కరగనివ్వండి, పిపెట్ టిప్పులు, ట్యూబులు ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. ఎనిమిది గదుల ఛాంబర్ స్లైడులో ఒక్కో గదికి 5 నుంచి 10 మైక్రోలీటర్లు పలచగా పూసి, 37 డిగ్రీల వద్ద 15 నిమిషాలు గట్టిపడనివ్వండి. కణాలను ట్రిప్సిన్‌తో లేపి, 40 మైక్రాన్ జల్లెడ గుండా పంపి, మి.లీ.కి 20 వేల చొప్పున, 2 శాతం మ్యాట్రిజెల్ ఉన్న చల్లని మీడియంలో కలిపి, గదికి 250 మైక్రోలీటర్లు వేయండి. అంటే గదికి 5 వేల కణాలు. జల్లెడ మానేస్తే ముద్దల నుంచి పెరిగిన సిస్ట్‌లలో రెండు మూడు ఖాళీలు వస్తాయి, అది జంక్షన్ లోపం కాదు, మీ ముద్దల లోపం.

మొదటి విభజన తర్వాత, రెండు కణాలున్నప్పుడే, వాటి మధ్య గోడ మీద పైపొర ప్రొటీన్లు ఎక్కడ చేరాలో నిర్ణయమవుతుంది. ఆ చోటి చుట్టూ టైట్ జంక్షన్ ప్రొటీన్లు హద్దు కడతాయి. ఖాళీ తెరుచుకునేది ఆ హద్దు లోపలే. 24, 48 గంటలకు, తర్వాత నాలుగు, ఐదో రోజుల్లో ఫిక్స్ చేసి, జెడ్‌ఓ-1, యాక్టిన్, పైపొర గుర్తుగా పోడోక్యాలిక్సిన్ స్టెయిన్ చేయండి. ఐదో రోజుకు ఒక్కో గదిలో కనీసం 100 సిస్ట్‌లు లెక్కించి, ఒకే ఖాళీ ఉన్నవి ఎన్నో రాయండి. మంచి కణాలైతే ఎక్కువ భాగం అవే ఉంటాయి.

జంక్షన్ హద్దు గీస్తుంది గానీ, ఏ వైపు లోపల అన్నది ఒంటరిగా తేల్చలేదు. ఇవే కణాలను మ్యాట్రిక్స్ లేకుండా ద్రవంలో తేలనిచ్చి సిస్ట్ కట్టిస్తే పైపొర బయటికి తిరుగుతుంది, టైట్ జంక్షన్లూ బయటి అంచుకే వస్తాయి. మ్యాట్రిక్స్‌లో పెట్టాక దిక్కు తిరగబడుతుంది. అడుగు నుంచి ఇంటెగ్రిన్లు అందించే సమాచారం దానికి కారణం. వీలైతే ఈ రెండూ పక్కపక్కన చేసి చూడండి. పిండాల్లోనూ ఇదే తర్కం కనబడుతుంది. ఎలుక పిండం ఎనిమిది కణాల దశలో ఈ-క్యాడెరిన్‌తో గట్టిగా దగ్గరపడుతుంది. ఆ జన్యువు లేని పిండాలు బయటి ఎపిథీలియల్ పొరను సరిగా కట్టుకోలేక గర్భాశయంలో నాటుకునే దశలోనే చనిపోతాయి.

కరెంటు, తుఫాను, మిగతా ఇబ్బందులు

అక్టోబరు, నవంబరుల్లో స్విచ్ వారం పెట్టుకునేముందు విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలు చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని విన్న రోజే కణాలను 10 శాతం డీఎంఎస్‌ఓలో వయల్‌కు 10 లక్షల చొప్పున గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్ డ్యూవార్ నింపించుకోండి. గంటా రెండు గంటల కోతకైతే ఇంక్యుబేటర్ తలుపు తెరవకపోవడమే మందు. తెరిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి మీడియం గులాబీ నుంచి ఊదాకు తిరుగుతుంది, ఆ పీహెచ్ మార్పు టీర్‌లో కనిపిస్తుంది. అలాంటి రోజు కొలతలను లెక్కలోంచి తీసేసి, తీసేశామని నోట్‌బుక్‌లో రాయండి.

ఈ-క్యాడెరిన్ గీత బాగుండి, జెడ్‌ఓ-1 ఆరు గంటలకూ తెగినట్టే ఉంటే ముందు కణాల సాంద్రత చూడండి. ఖాళీలున్న పొరలో పట్టీ పూర్తికాదు. రెండూ బాగుండి టీర్ లేకపోతే ఇన్సర్టు అంచు దగ్గర కణాలు లేచిపోయాయేమో చూడండి, ఎలక్ట్రోడు గీసుకుపోవడం తరచూ దానికి కారణం. కాల్షియం ఇవ్వని వరసలో కూడా జంక్షన్లు కట్టుకుంటుంటే సీరాన్ని మళ్ళీ డయలైజ్ చేసి, కొత్త ప్లాస్టిక్ సీసాలో మీడియం మళ్ళీ కలపండి. 24 గంటల తర్వాత కూడా అన్ని వరసల్లోనూ టీర్ సున్నా దగ్గరే ఉంటే, ఎలక్ట్రోడు వెండి-క్లోరైడ్ పూత పోయిందేమో చూడండి. ఉప్పు గాలి తగిలేలా మూత లేకుండా వదిలేస్తే త్వరగా పాడవుతుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ముంచి, బాగా కడిగి, ఖాళీ ఇన్సర్టులో అంకె నిలకడగా వస్తోందో లేదో చూశాకే మళ్ళీ కణాల మీద పెట్టండి.